మనోరమ మిషను మీద లైటు

తాండూరులో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్న మనోరమ లైట్ల దుకాణంలో మొండికేసింది. ఆమె కుట్టుగదికి కొత్తగా వేయించిన ఫాల్స్ సీలింగులో బిగించడానికి పసుప్పచ్చ వెలుగిచ్చేవి బాగుంటాయని భర్త బాలప్ప ముచ్చటపడ్డాడు. ఆమెకు తెల్లవే కావాలి, అవీ ఉన్నవాటిలోకెల్లా పెద్దవి.

"గా బుడ్డ అర్రకు గంత పవరెందుకే?" అన్నాడు బాలప్ప.

"కుట్టేది నువ్వా, నేనా?" అని అతని నోరు మూయించింది.

అసలు సంగతి చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. రెండు నెలలుగా సూది బెజ్జం కనిపించడం లేదు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడపిల్లలతోనే, ఏదో సరదాకన్నట్టు, దారం ఎక్కించుకుంటోంది. తల్లి మొగులమ్మకు నలభై ఆరేళ్ళకే చూపు పోయింది. ఆమెను చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది మనోరమే. ఇప్పుడు మనోరమకు నలభై నాలుగు.

ఎలక్ట్రీషియన్ పరమేశ్‌కు టేపుతో పనిలేదు. కింద పరిచిన నాపరాళ్ళ అతుకుల మీద సుద్దతో గుర్తులు పెట్టి, వాటికి సరిగ్గా పైన సీలింగుకు చిల్లులు కోశాడు. వరస చూడముచ్చటగా వచ్చింది. మనిషి ఎక్కడ కూర్చుంటుందో అడిగిన పాపాన మాత్రం పోలేదు.

స్విచ్ వేశాక మనోరమ మిషను ముందు కూర్చుంది. సూది మసకలో ఉంది. ఇంత వెలుగులోనూ కనబడలేదంటే ఇక అయిపోయినట్టే! భయంతో తల పక్కకు వాల్చేసరికి సూది తళుక్కుమంది. లైటు ఆమె వీపు వెనకుంది, అడ్డొచ్చింది తన తల నీడే.

"బండలు కుడ్తయా జాకెట్లు? మిషను ఏడున్నదో చూస్కోవా?" అని పరమేశ్‌ను దులిపేసింది. తిడుతున్నంతసేపూ ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుంది. తప్పు లైటుది, కళ్ళది కాదు.

మర్నాడు పరమేశ్ మిషనుకు ముందు, కాస్త ఎడమగా కొత్త చిల్లు కోసి లైటు బిగించాడు. సూది మీద నీడన్నదే లేదు.

"జర చూడక్కా, ఇప్పుడెట్లుంది?"

దారం కొస తడిపి పెట్టింది. తప్పింది. మళ్ళీ పెట్టింది. మూడోసారి వేలికి సూది గుచ్చుకుంది. రక్తపు చుక్క కనిపించింది, బెజ్జం కనిపించలేదు.

పరమేశ్ మొహం చిన్నబోయింది. "ఇంకో దిక్కు పెట్టాల్నా అక్కా?"

"వద్దు తమ్మీ. నువ్వు మంచిగనే పెట్టినవ్."

గడపలో నిలబడ్డ భర్త వైపు తిరిగి, ఇన్నాళ్ళూ దాచిన భయం బయటపెట్టింది. "నాకు బుగులైతుంది. కండ్ల డాక్టర్ కాడికి తోల్కపో, ఇయ్యాల్నే."