మామ్మ బాప్తిస్మానికి ఇంటికో బిందె

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులంటే నాకు సెలవులు కావు, కుళాయి దగ్గర కాపలా! చీపురుపల్లి అవతల మా ఊరు. ఓ రెండేళ్ళపాటు వానలు మొహం చాటేశాయి. వీధి కుళాయి ఎప్పుడొస్తాదో దేవుడికే తెలియాలి. పొద్దున్నే రావచ్చు, మిట్టమధ్యాహ్నం రావచ్చు, అసలు రాకనే పోవచ్చు...

నాన్న గరివిడి ఫ్యాక్టరీకి, అమ్మ ఉపాధి పనికి. ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోనూ నాన్న జేబులోనే. వెళ్తూ వెళ్తూ అమ్మది ఒకటే మాట, "ఒసే, కుళాయి కాడి నుండి కదిలావంటే కాళ్ళిరగ్గొడతాను."

పక్క సందులోనే చర్చి. అక్కడ వి.బి.ఎస్., అదే వేసవి బైబిలు బడి. నా ఈడు పిల్లలంతా చప్పట్లు కొడుతూ పాడుతుంటే నేను ఖాళీ బిందెల పక్కన కూర్చుని వినేదాన్ని. గొలుసు లేదు గానీ, కట్టేసినట్టే ఉండేది. ఎంత ఏడుపొచ్చేదో...

నాకు తోడు మామ్మ, నాన్నని కన్నతల్లి. ఆవిడ బాధ ఇంకోటి. ఎన్నో ఏళ్ళుగా చర్చికి వస్తున్నా బాప్తిస్మం తీసుకోలేదు. చిన్నప్పుడు చెరువులో మునిగి చచ్చి బతికిందట, నీళ్ళలో దిగాలంటే వణుకు. మా చర్చిలో బాప్తిస్మమంటే చెరువులో నిండా మునగాల్సిందే. అది లేనిదే ప్రభుబల్ల రొట్టె, అదే నెలకోసారి ఏసయ్య జ్ఞాపకంగా పంచే రొట్టె, ఇవ్వరు. అందరూ రొట్టె అందుకుంటుంటే మామ్మ తల దించుకుని కూర్చునేది.

తీరా ఆవిడకి ధైర్యం వచ్చేసరికి చెరువు నెర్రెలు బారింది. "వానలు పడనీ మామ్మా" అనేవారు పాస్టరు గారు. మామ్మకేమో రోజురోజుకీ ఆయాసం ఎక్కువవుతోంది. "వాన కోసం నాను ఆగుతాను గానీ, నా పేనం ఆగుతాదేటే?" అనేది నాతో.

ఆఖరికి పాస్టరు గారే చర్చి వెనక సిమెంటు తొట్టి కడిగించి, ఇంటికో బిందె నీళ్ళు తెమ్మన్నారు. ఆ కరువులో ఎవరిస్తారులే అనుకున్నాం. ఆదివారం చూస్తే వీధి వీధంతా బిందెలెత్తుకుని బయల్దేరింది! అమ్మయితే ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ మోసేసింది. ఆ ఒక్కరోజూ నాకూ విడుదల...

అన్నీ పోసినా మామ్మ మోకాళ్ళ దాకానే వచ్చాయి. సంఘ పెద్ద ఒకాయన "తల మీద పోసేస్తే సరిపోదా?" అన్నాడు.

మామ్మ గయ్యిమంది. "సిలకరించుకోడానికైతే ఇన్నేళ్ళు ఎందుకాగాను బాబూ? మునగాల!" అంటూ తొట్టిలో చతికిలబడింది. తొట్టి అంచు గట్టిగా పట్టుకుంది. "బేగి ముంచీండి, మల్లీ బయమేస్తాది" అని కళ్ళు గట్టిగా మూసుకుంది. పాస్టరు గారు వెనక్కి వాల్చి ముంచారు. లేచి, దగ్గుతూ దగ్గుతూ నవ్వింది మామ్మ. నేనైతే ఏడ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే కుళాయి ముందంతా బురద. మేమందరం చర్చిలో ఉండగా నీళ్ళొచ్చి కాలవ పాలయ్యాయి! ఏ ఇంట్లోనూ చుక్క లేదు. నెత్తి కొట్టుకుని, మళ్ళీ బిందెలు పట్టుకుని ఆ తొట్టి దగ్గరికే పరిగెత్తాం.

అమ్మ ఆ నీళ్ళు వడగడుతుంటే మామ్మ చూసి, "నా పాపాలు కడిగిన నీళ్ళతో కూడు వండుతావేటే?" అంది.

"మరగబెడతాన్లే అత్తా, అన్నీ సస్తాయి" అంది అమ్మ. అత్తాకోడళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు.

తర్వాతి నెల మామ్మకి రొట్టె అందింది. నమలకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. వానలు పడకముందే పోయింది...

ఇప్పుడు మా చర్చిలో టైల్స్ తొట్టి, పక్కనే బోరు. మొన్న అమ్మ ఫోన్ చేసింది. ఈ వేసవికి ఆ బోరు కూడా ఎండిపోయిందట, బాప్తిస్మానికి పేరిచ్చినవాళ్ళని ఆగమన్నారట. పిల్లలు ఆగగలరు, వాళ్ళకి వయసుంది. ముసలోళ్ళ సంగతేటి?

మీ ఇళ్ళల్లో నీళ్ళ కోసం ఎవరు ఆగిపోయారో... ఒక్కసారి తలుచుకుని, ఇక్కడ రాయండి.