కొసరి వడ్డించని చోట: శంషాబాద్ లాంజి నుంచి మండవల్లి పంక్తి దాకా

అసలు కన్నా కొసరు ముద్దంటారు. మా ఇంట్లోకి క్రెడిట్ కార్డు వచ్చింది ఆ సూత్రం మీదే. తాడేపల్లిగూడెంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెల సెట్టు కొన్నవాళ్ళకి చెంచా కొసరు ఇవ్వడం మా మావగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. అలాంటి కొట్టుకి బ్యాంకు కుర్రాడొకడు వచ్చి, ఈ కార్డు తీసుకుంటే విమానాశ్రయం లాంజిలో టిఫిను ఉచితం, కొన్ని హోటళ్ళలో ఇద్దరు తింటే ఒకరికే బిల్లు అనేసరికి మా ఆయన మనసు కరిగిపోయింది. నా పేరు మీద కార్డు తీసుకున్నారు. ఏడాది తిరగబోతున్నా నేను విమానం ఎక్కింది లేదు. ఫీజు మాత్రం ఠంచనుగా కట్టాం. అందుకే మొన్న మాఘమాసంలో అత్తయ్యగారిని హైదరాబాదులో డాక్టరుకి చూపించాల్సి వచ్చినప్పుడు, హాయిగా రాత్రి రైలెక్కి గూడెం స్టేషనులో దిగే వీలుండి కూడా, తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్లు తీశాం. ఉచిత టిఫిను కోసం విమానం ఎక్కినవాళ్ళు మా వంశంలో మేమే మొదటివాళ్ళం.

డాక్టరు దగ్గరికి ఎందుకంటే, రెండేళ్ళుగా అత్తయ్యగారి కుడిచెయ్యి వణుకుతోంది. ప్రాణానికి ప్రమాదం ఏమీ లేదని, పూర్తిగా పోయేది కూడా కాదని డాక్టరు చెప్పారు. అసలు బాధ వణుకు కాదు. అది మొదలైనప్పటి నుంచి ఆవిడ నలుగురిలో తినడం మానేశారు. మా గోదావరి వాళ్ళ మర్యాద మీకు తెలుసు కదా, విస్తట్లో ఏముందో, ఏం మిగిల్చారో నలుగురూ చూస్తారు, చూసి ఇంకాస్త వేస్తారు. ఆ చూపులు పడలేక ఆవిడ ఉపవాసాలు పట్టారు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న. పెళ్ళి ఏ వారం పడితే ఆ వారం ఉపవాసం. ఊళ్ళోవాళ్ళు ఆవిడ భక్తికి దణ్ణం పెట్టేవారు. ఇంటికొచ్చాక వంటింట్లో తలుపు వేసుకుని తినేవారని నాకొక్కదానికే తెలుసు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి, వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ పంచదార పొట్లం ఉంటుంది.

పైగా మేం దిగగానే వెళ్ళాల్సింది మండవల్లికి. అక్కడ కిరాణా వ్యాపారం చేసే చిన్నత్తయ్యగారు, అంటే మా అత్తయ్యగారి చెల్లెలు, కొత్త ఇల్లు కట్టుకున్నారు. శుక్రవారం గృహప్రవేశం, మధ్యాహ్నం భోజనాలు. అక్కాచెల్లెళ్ళు ఒక పంక్తిలో కూర్చుని రెండేళ్ళయింది. ఈసారైనా కూర్చుంటారా అని నాకు లోపల గుబులుగా ఉంది. ముందురోజు రాత్రి హైదరాబాదులో అత్తయ్యగారిని కార్డు చెల్లే హోటలుకి తీసుకెళ్తే గురువారం బాబా ఉపవాసమన్నారు. ఇద్దరు తింటేనే ఒకరి బిల్లు పోతుందట. నేనొక్కదాన్నే తిని పూర్తి బిల్లు కట్టి వచ్చాను.

శుక్రవారం పొద్దున్న ఆరు కాకుండానే శంషాబాద్ చేరాం. గన్నవరం విమానం ఎనిమిదింటికి. తనిఖీలు అయ్యాక లాంజి దగ్గరికి వెళ్తే అక్కడా చిన్న వరస ఉంది. కౌంటరులో అమ్మాయి నా కార్డు, బోర్డింగ్ పాసు రెండూ చూసి, పేరు సరిపోయిందో లేదో చూసుకుంది. కార్డు చెల్లుతుందో లేదో చూడడానికట, దాన్నుంచి రెండు రూపాయలు కోసుకుంది. గడిచిన మూడు నెలల్లో కార్డు మీద కొంత ఖర్చు పెట్టి ఉంటేనే ఈ ఉచితం పని చేస్తుందట. కొట్టు కరెంటు బిల్లు దాని మీదే కడుతున్నాం కాబట్టి బతికిపోయాం. మీరు కూడా బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ఈ సంగతి చూసుకోండి.

"మేడమ్, మీకు ఫ్రీ అండి. మీ గెస్ట్‌కి మాత్రం చార్జ్ పడుతుందండి" అంది ఆ అమ్మాయి.

అత్తయ్యగారు నా వైపు తిరిగారు. "గెస్టంటే చుట్టవే కదే?"

"అవునండి."

"చుట్టం దగ్గర డబ్బులు పుచ్చుకుని ఇంటివాళ్ళకి ఊరికే పెడతారా? ఇదెక్కడి మర్యాదమ్మా?"

కౌంటరులో అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. నిజం చెప్పొద్దూ, తప్పు నాదే. కార్డుతో వచ్చిన కాగితంలో గెస్ట్ అన్న మాట చూసి, చుట్టానికి ఎటూ ఉచితమే అనుకున్నాను. మా వైపు ఆ మాటకి ఇంకో అర్థం లేదు మరి. వెయ్యికి పైగా కట్టి లోపలికి వెళ్ళాం. తీరా కూర్చున్నాక అత్తయ్యగారు, "నాకివాళ శుక్రవారం కదే" అన్నారు. నా గుండె కలుక్కుమంది. డబ్బుకి కొంత, మాత్రలకి కొంత.

నేను ఊరుకోలేదు. ఇడ్లీ, ఉప్మా, వడ, పూరీ అన్నీ ఒక ప్లేటులో వేసి తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "కొంచెం తినండి అత్తయ్యగారూ, ఒక్క ఇడ్లీ" అని బతిమాలుతూ కూర్చున్నాను. ఆవిడ చేతులు కొంగు కిందే ఉన్నాయి. అంతలో గన్నవరంలో మంచు దట్టంగా ఉందని, విమానం గంట ఆలస్యమని మెసేజి వచ్చింది. మాఘంలో మా వైపు వచ్చే పొద్దుటి విమానాలకి ఇది మామూలే. కారు తీసుకొస్తున్న డ్రైవరుకి చెబుదామని ఫోను పట్టుకుని అవతలికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. కంగారుగా చుట్టూ చూశాను. అత్తయ్యగారు వంటకాల బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. లోతుగా ఉన్న గిన్నె ఒకటి ఎంచుకుని, ఎడమచేత్తో పట్టుకుని, అందులో ఉప్మా వేసుకుంటున్నారు. గరిటె గిన్నెకి తగిలి టకటకమంటోంది. పక్కనే ఉన్నాయన తల తిప్పి కూడా చూడలేదు. అక్కడున్నవాళ్ళంతా ఎవరి ఫోనులో వాళ్ళు మునిగి ఉన్నారు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, గిన్నెని గుండెకి దగ్గరగా పెట్టుకుని, చెంచాతో నెమ్మదిగా తిన్నారు. నేను ఒక స్తంభం చాటున ఉండిపోయాను. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

గిన్నె ఖాళీ అయ్యాక వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఇక్కడెవరూ ఎవర్నీ తినమనరేవిటే?" అన్నారు.

"అనరండి."

"బావుంది" అని లేస్తూ, "కొంచెం కాఫీ కూడా తెచ్చుకుంటాను, నువ్వు లేవకు" అన్నారు.

గన్నవరంలో దిగేసరికి పదింబావు. బయట మా డ్రైవరు రాంబాబు సిద్ధంగా ఉన్నాడు. గూడెం నుంచి వచ్చి, రోజంతా తిప్పి, తిరిగి ఇంటి దగ్గర దింపడానికి నాలుగున్నర వేలకి మాట్లాడుకున్నాం. మండవల్లికి గుడివాడ మీదుగా వెళ్తే దగ్గర. కానీ రాంబాబు, "ఏలూరు మీంచి కొల్లేరు రోడ్డున వెడదావండి. ఈ రోజుల్లో పక్షులుంటాయి, పెద్దమ్మగారికి గాలి కూడా బావుంటుందండి" అన్నాడు. ఏలూరు బజారులో పూలు, పళ్ళు కొనుక్కుని కైకలూరు రోడ్డు పట్టాం. మంచు విడిపోయింది. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, చేపల చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్న ఏరేటర్లు, గట్ల మీద బారులు తీరిన గూడబాతులు. అత్తయ్యగారు అద్దం దించుకుని చూస్తూ కూర్చున్నారు. నిద్రపోయారేమో అనుకుంటే, "ఆ గిన్నె మన కొట్లో ఉందంటావా? అంత లోతుది?" అని అడిగారు. ఉందన్నాను.

మండవల్లి చేరేసరికి భోజనాల మొదటి పంక్తి లేస్తోంది. చిన్నత్తయ్యగారు గుమ్మంలోనే అక్కగారి చెయ్యి పట్టుకున్నారు. "నీకు పళ్ళు కోయించి లోపల గదిలో పెట్టానక్కా. శుక్రవారం కదా" అన్నారు. పాపం, ఆవిడ ప్రేమగానే అన్నారు. అత్తయ్యగారు వరసగా పరచిన అరిటాకుల వైపు చూశారు.

"పళ్ళు వద్దులేవే. నాకో లోతు గిన్నె, చెంచా ఇప్పించు. అందరితోనే కూర్చుంటాను."

"గిన్నె ఎందుకక్కా?"

"చెయ్యి వణుకుతోందే. ముద్ద ఆకులోంచి నోటిదాకా రావట్లేదు."

రెండేళ్ళలో ఆ మాట ఆవిడ పైకి అనడం అదే మొదటిసారి. పక్కన ఉన్నవాళ్ళు గతుక్కుమన్నారు. చిన్నత్తయ్యగారు అక్కగారి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, లోపలికి కేకేసి గిన్నెలు తెమ్మన్నారు. రెండు. ఒకటి అక్కగారికి, ఒకటి తనకి. అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని చెంచాలతో పప్పన్నం తిన్నారు. వడ్డించేవాడు నెయ్యి గిన్నెతో వచ్చి, "ఇంకొంచెం వేయించుకోండమ్మా" అంటూ నిలబడితే అత్తయ్యగారు, "కావాలంటే నేనే అడుగుతాను బాబూ. నువ్వు అటు చూడు" అన్నారు. ఎదుటి వరసలో ఒకావిడ, "అదేవిటండి వదినగారూ, ఉపవాసం లేదా ఇవాళ?" అంటే, "లాంజిలో ఒదిలేసి వచ్చానండి" అన్నారు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. నాకు పొరపోయింది.

సాయంత్రం బయల్దేరి ఏలూరు చేరేసరికి చీకటి పడింది. కార్డు చెల్లే హోటలొకటి అక్కడ కూడా ఉందని యాప్‌లో చూపించింది. మధ్యాహ్నం భోజనం ఇంకా అరగలేదని నేనన్నా అత్తయ్యగారు వినలేదు. రాంబాబునీ లోపలికి రమ్మన్నారు. "ఎంతమందండి?" అని హోటలతను అడిగితే నేను నోరు తెరిచేలోపే, "ముగ్గురం. ముగ్గురం తింటాం" అన్నారు. ఒకరి బిల్లు పోయింది, ఇద్దరిది కట్టాం. భోజనం మధ్యలో ఆవిడ ప్లేటు మీద నుంచి తలెత్తి, "మొహమాటపడకు రాంబాబూ, ఇంకో పుల్కా వేయించుకో" అని కొసరడం మొదలుపెట్టారు.

దెందులూరు దాటి గూడెం వైపు వస్తుంటే లెక్క చూసుకున్నాను. రైలుతో పోలిస్తే మాకు మిగిలిందేమీ లేదు, చేతి చమురు వదిలింది. మా ఆయన అడిగితే ఏం చెప్పాలో దారిలోనే అనుకున్నాను: ఫీజు రాబట్టుకున్నాం అని. కొసరి వడ్డించడం మా వాళ్ళకి ప్రేమ, దాన్ని వదులుకోమని నేననను. కానీ ఎప్పుడైనా ఒక పూట, తినమని ఎవరూ అననిచోట కూడా మనిషికి ఆకలి తిరిగొస్తుందని ఆరోజు చూశాను.

మీలో ఎవరైనా పెద్దవాళ్ళతో ఇలా వెళ్ళాలనుకుంటే ఒక్కటే చిట్కా. గెస్ట్ కింద తీసుకెళ్ళకండి, వాళ్ళ పేరుతోనే యాడ్-ఆన్ కార్డు, అంటే మీ ఖాతా మీదే ఇంకో కార్డు, తీసుకుని, దాని మీద లాంజి ఉచితమో కాదో బ్యాంకు వాళ్ళని అడిగి రూఢి చేసుకోండి. మా అత్తయ్యగారి కార్డు పోయినవారమే వచ్చింది. "ఇక మీదట నేను చుట్టాన్ని కాదు" అని దాన్ని తన పర్సులో, షుగరు మాత్రల పక్కన పెట్టుకున్నారు.