బంధువులెవరూ లేరని రాసి ఉంది

ఉదయం నాలుగున్నరకి పెదబయలులో జీపు ఎక్కాను. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, భుజాన బ్యాగు, అందులో ఇడ్లీ డబ్బా. ఆరింటికి పాడేరులో విశాఖ బస్సు. పదకొండున్నరకి విశాఖలోని వీసా దరఖాస్తు కేంద్రంలో అపాయింట్‌మెంట్. ఆ అరగంట దొరకడానికి మూడు వారాలు పట్టింది.

ఇటలీలో ఒక చిన్న ఊరి కన్యాస్త్రీల మఠంలో నా చెల్లెలు దేవమ్మ ఉంటోంది. వెళ్ళి పదకొండేళ్ళు. మే నెలాఖరున ఆమె నిత్య వ్రతం తీసుకుంటుంది. అంటే బతికినన్నాళ్ళూ మఠంలోనే ఉంటానని గుడిలో అందరి ముందూ మాట ఇవ్వడం. "ఇంటి నుంచి ఒక్కరైనా రావాలక్కా" అని ఫోన్లో అడిగింది. అమ్మా నాన్నా పోయాక ఇల్లంటే ఇప్పుడు నేనే. పెదబయలు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. విశాఖ దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. పాస్‌పోర్టు కూడా ఈ సంవత్సరమే చేయించుకున్నాను. వీసా ఫారం పాడేరులో ఆన్‌లైన్ సెంటర్ నడిపే అప్పారావు నింపాడు. చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. చదవలేదు.

బస్సు సరిగ్గా ఆరు పదికి కదిలింది. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. పక్క సీట్లో డెబ్బై ఏళ్ళ లచ్చమ్మ. కంటి పరీక్షకి చోడవరం వెళ్తోంది. ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల గుడి దగ్గర డ్రైవరు బస్సు నెమ్మది చేసి దండం పెట్టుకున్నాడు. లచ్చమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసిరింది. నేను సిలువ గుర్తు వేసుకున్నాను.

మరి రెండు మలుపులు దిగామో లేదో బస్సు ఆగిపోయింది. ముందు దుంగల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా తిరిగిపోయి ఉంది. వెనక చక్రం కాలవలో దిగబడింది. టైము ఏడూ అయిదు.

"క్రేన్ రావాలమ్మా. గంట పడతాదో, రెండు గంటలో" అన్నాడు కండక్టరు.

చేసేదేమీ లేక ఫైలు తెరిచాను. మొదటిసారి ఫారం మొత్తం చదివాను. రోములో మూడు రాత్రులు హోటలు. వెనిస్‌లో రెండు. తర్వాత నేనెన్నడూ పేరు వినని సరస్సు ఒకటి. చెల్లెలి ఊరు ఎక్కడా లేదు. అక్కడ బంధువులు ఎవరైనా ఉన్నారా అన్న చోట ఎవరూ లేరని రాసి ఉంది. మఠం వాళ్ళు పంపిన ఆహ్వాన పత్రం ఫైల్లోంచి మాయమైంది. అడుగున నా సంతకం మాత్రం ఉంది.

ఫోన్‌కి రెండు గీతల సిగ్నల్ ఉంది. వెంటనే అప్పారావుకి చేశాను.

"మేడమ్, కంగారు పడకండి. సెల్లి ఉన్నాదని రాత్తే అక్కడే ఉండిపోతారని డౌటు పడతారు. పైగా ఆవిడ పేరు మారిపోనాది. మీ సెల్లే అని ఏటి పెట్టి సూపిత్తారు? టూరిస్టు అంటే పనైపోతాది. మీరేటీ మాటాడకండి."

అతను చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. బడి సర్టిఫికెట్‌లో ఆమె పాంగి దేవమ్మ. మఠం కాగితాల్లో సిస్టర్ ఆగ్నెస్. పెళ్ళయ్యాక నేను వంతాల రత్నం. ఆ మూడు పేర్లనీ పక్కపక్కన పెడితే ఎవరికెవరూ ఏమీ కారు. కానీ పదకొండేళ్ళ తర్వాత చెల్లెల్ని చూడబోతూ, నాకు చెల్లెలే లేదని సంతకం పెట్టాను. ఇడ్లీ డబ్బా తెరవలేకపోయాను.

"ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అంది లచ్చమ్మ.

పదకొండున్నరకి విశాఖలో ఉండాలని మాత్రం చెప్పాను. ఆమె కర్ర అందుకుని లేచింది. "ఇక్కడ కూకుంటే ఏటొత్తాది? బేగి దిగు. లారీకి అవతల ఏదో బండి దొరక్కపోదు."

లారీకీ కొండకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. ముందు ఆమె, వెనక నేను, గోడకి రాసుకుంటూ దాటాం. అవతల పైకి రాలేక ఆగిపోయిన బళ్ళ వరసలో కూరగాయల వ్యాను ఒకటి వెనక్కి తిప్పుకుంటోంది. లచ్చమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"బాబూ, ఈ గుంటకి ఇశాపట్నంల పరీచ్చ ఉన్నాది. తప్పిపోతే మళ్ళీ పెట్టరట."

ఆడపిల్ల ఏదా అన్నట్టు డ్రైవరు నా తలలో తెల్ల వెంట్రుకల వైపు ఒకసారి చూశాడు. "ఎక్కండి" అన్నాడు.

ఎనిమిది యాభైకి చోడవరం. లచ్చమ్మ కంటి ఆసుపత్రి వీధి మొదట్లో దిగిపోయింది. "బాగా రాయి" అని చెయ్యి ఊపింది. తొమ్మిదింబావుకి విశాఖ బస్సు దొరికింది. అనకాపల్లి దాటాక ట్రాఫిక్‌లో ప్రతి సిగ్నల్ దగ్గరా టైము చూసుకున్నాను. ఆటో దిగి వీసా కేంద్రం మెట్లెక్కేసరికి పదకొండు నలభై ఎనిమిది.

గార్డు లిస్టు చూశాడు. "మీది పదకొండున్నర. అయిపోయింది."

"ఘాట్‌లో లారీ అడ్డం పడింది బాబూ. పెదబయలు నుంచి వచ్చాను."

అతను లోపలికి వెళ్ళి, తిరిగొచ్చి, ఫోను లాకర్లో పెట్టమన్నాడు.

కౌంటర్‌లో పాతికేళ్ళ అమ్మాయి. పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యోగం కాగితాలు చూస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోయింది. "అన్నీ ఉన్నాయి మేడమ్. వేలిముద్రలకి వెళ్ళొచ్చు."

నోరు మూసుకుంటే పని అయిపోయేది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఇందులో ఒకటి తప్పు. నాకు అక్కడ చెల్లెలుంది."

ఆమె పెన్ను ఆపింది. గొంతు తగ్గించింది. "మేడమ్, మార్చాలంటే ఫారం అంతా మళ్ళీ నింపాలి. కొత్త అపాయింట్‌మెంట్ అంటే జూన్‌కి గానీ లేదు. ఇలాగే ఇచ్చేస్తే మేము తీసుకుంటాం. మీ ఇష్టం."

జూన్ అంటే వ్రతం అయిపోతుంది. "చేత్తో రాసిస్తే తీసుకుంటారా?" అని అడిగాను.

ఆమె సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి ఖాళీ ఫారంతో వచ్చింది. "ఒంటి గంటకి కౌంటర్ మూసేస్తాం. ఆ లోపల ఇవ్వండి. వీసా ఇస్తారో లేదో మా చేతిలో లేదు."

పన్నెండు పది. ఫోను తీసుకుని రోడ్డు దాటి జిరాక్సు షాపుకి పరిగెత్తాను. ఆహ్వాన పత్రం, చెల్లెలి పాస్‌పోర్టు పేజీ వాట్సాప్‌లో ఉన్నాయి. రెండూ ప్రింటు తీయించాను. ఆమె పాస్‌పోర్టులో ఇంకా పాంగి దేవమ్మే, తండ్రి పేరు మా నాన్నదే. నా పాస్‌పోర్టులోనూ తండ్రి పేరు అదే. ఇంత తేలికైన సంగతి అప్పారావుకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. వెనక్కొచ్చి వెయిటింగ్ హాల్లో ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఫారం నింపాను. తెల్లకాగితం మీద, నాకొచ్చిన ఇంగ్లీషులో, మా పేర్లు ఎందుకు మారాయో, ముందు ఫారం ఎలా తప్పయిందో పదకొండు వాక్యాల్లో రాశాను. కొట్టివేతలు ఎక్కువై మొదటి కాగితం చింపేయాల్సి వచ్చింది. పన్నెండు యాభై రెండుకి కౌంటర్‌లో ఇచ్చాను. ఫీజు కట్టి, వేలిముద్రలు వేసి బయటపడేసరికి ఒంటిగంటన్నర. అప్పుడు మెట్ల మీద కూర్చుని చల్లారిన ఇడ్లీలు తిన్నాను.

తర్వాత నెల రోజులు ఏ కబురూ లేదు. బడికి వేసవి సెలవులు ఇచ్చేశారు. సిగ్నల్ కోసం రోజూ చర్చి దిబ్బ ఎక్కేదాన్ని. అప్పారావుకి విషయం చెబితే తల పట్టుకున్నాడు. "మీ కేసు మీరే పాడుసేసుకున్నారు మేడమ్." చెల్లెలు మాత్రం ఏమీ అడిగేది కాదు. ప్రతి ఆదివారం ఫోన్లో వర్షాల గురించి, కాఫీ పూత గురించి మాట్లాడి పెట్టేసేది.

వ్రతానికి ముందురోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది. పాస్‌పోర్టు వచ్చిందట, తీసుకెళ్ళమన్నారు. వీసా వచ్చిందో లేదో అందులో రాయరు.

మర్నాడు మళ్ళీ అదే జీపు, అదే బస్సు. పాస్‌పోర్టులు ఇచ్చేది మధ్యాహ్నం రెండు నుంచి. ఒకటిన్నరకి, ఇటలీలో ఉదయం పదవుతుంటే, నేను విశాఖలో బెంచీ మీద టోకెన్ పట్టుకుని కూర్చున్నాను. అక్కడ నా చెల్లెలు గుడిలోకి నడుస్తూ ఉంటుంది. పక్కన ఒక కుర్రజంట ప్యారిస్ హోటళ్ళ ఫొటోలు చూసుకుంటున్నారు. "ఆంటీ, మీరెక్కడికి?" అని అడిగింది ఆ అమ్మాయి. చెప్పబోయాను. ఇంతలో రెండయింది, నా నంబరు పిలిచారు.

కవరు అక్కడే చింపాను. మొదటి పేజీలు ఖాళీ. తిప్పాను. ఖాళీ. ఇంకో రెండు తిప్పాను. అప్పుడు కనపడింది, నా ఫొటోతో వీసా. పది రోజులు ఉండొచ్చు. జూన్ రెండో వారం లోపల ఎప్పుడైనా వెళ్ళొచ్చు. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. పండగ ఆ నిమిషంలోనే అయిపోతోంది మరి.

నాలుగింటి బస్సుకి కిటికీ పక్క సీటు దొరికింది. ఈ దారిన వెళ్ళబోయేవారికి నేను చెప్పగలిగేది ఇంతే: ఫారం ఎవరు నింపినా ప్రతి గడీ మీరు చదవండి. ఘాట్ రోడ్డు మీద రెండు గంటలు ఎక్కువ ఉంచుకోండి. నిజం చెబితే వీసా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. నాకు వచ్చింది, అంతే.

మాడుగుల దాటి ఘాట్ ఎక్కుతుండగా, ఆరుంబావుకి, ఫోను మోగింది. మా ఇంట్లో మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాలోనే మాట్లాడింది చెల్లెలు. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"అక్కా, వచ్చిందా?"

"వచ్చింది. కానీ నీ పండగైపోయింది కదే."

"పండగకి వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళిపోయారు. నువ్వొస్తే పది రోజులుంటావు." "అక్కా, వ్రతం మాటలన్నీ ఇటాలియన్‌లోనే చెప్పాను. ఆఖర్న సొంత భాషలో ఒక ప్రార్థన చెప్పుకోవచ్చన్నారు. మన మాటలో చెప్పాను. గుడిలో ఒక్కరికీ అర్థం కాలేదు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు."

"ఏమని చెప్పావు?"

అవతల ముక్కు చీదిన చప్పుడు. "అమ్మ చెప్పించేదే. సగంలో మాటలు మర్చిపోయానక్కా. మిగతా సగం నువ్వొచ్చి చెప్పు."

బస్సు మలుపు తిరిగింది. సిగ్నల్ పోయింది. పాస్‌పోర్టు ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు పడుకునే ముందు అమ్మ మా ఇద్దరి చేతా చెప్పించిన ఆ ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పైకే చెప్పుకున్నాను. ఒక్క మాట కూడా పోలేదు.