గట్టు చూసి ఆపే బండి

పాత బండి కొనేవాడు ఇంజను చూస్తాడు, టైర్లు చూస్తాడు, కింద నూనె కారుతోందేమోనని వంగి చూస్తాడు. నేను మా బావగారి మొహం చూశాను. అది ఎప్పట్లాగే నిండుగా, నిశ్చింతగా ఉంది. ఆ మొహాన్ని నమ్మి, మారుమాట లేకుండా ఆయన పికప్పు కొనేశాను. ఇంతకంటే తెలివితక్కువ పని నా జీవితంలో చేయలేదని చెప్పను. చేశాను గానీ, వాటిల్లో దేనికీ డీజిలు పోయాల్సిన అవసరం రాలేదు.

బావగారంటే మా ఆవిడకు స్వయానా అన్నగారు. నిడదవోలు దగ్గర పొలమూ, కొబ్బరితోటా ఉన్న మనిషి. నాది కడియం దగ్గర కాలవ పక్కన చిన్న మొక్కల నర్సరీ. సెల్‌ఫోన్లు ఇంకా డబ్బున్నవాళ్ల జేబుల్లోనే ఉన్న రోజులు. మల్లె అంట్లో, మామిడి అంట్లో కాకినాడ పంపాలంటే కిరాయి వ్యానువాడి ఇంటి ముందు పొద్దున్నే నిలబడాలి. వాడు నిద్ర లేచేసరికి మొక్కలు నిద్రపోయేవి. ఈ బాధ విని బావగారు ఒకరోజు భోజనం దగ్గర, "మన బండి ఉందిగా, తీసుకోండి బావగారూ. మీకంటే ఎక్కువా?" అన్నారు.

ఒక బండ్ల మేస్త్రిని వెంట తీసుకెళ్లి చూపిద్దామా అని ఇంటికొచ్చాక మెల్లగా అన్నాను. మా ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది.

"మా అన్నయ్య ఇస్తానంటే మేస్త్రిని తీసుకెళ్తారా? పెళ్లిచూపులకి డాక్టర్ని తీసుకొచ్చారా?"

తీసుకురాలేదు. అందుకని బండికీ తీసుకెళ్లలేదు. మా వైపు అత్తవారింటి నుంచి వచ్చే వస్తువును వంగి చూడటం, తట్టి చూడటం, రుచి చూసి మొహం చిట్లించడం, మూడూ నేరాలే.

బండిని బావగారే స్వయంగా తోలుకొచ్చారు. వాకిట్లోకి తేకుండా కాలవ గట్టు మీద, కిందికి వాలుగా ఉన్నచోట ఆపి, నడిచి వచ్చారు.

"లోపలికి తేలేదేం బావగారూ?"

"గట్టు మీద గాలి బాగుంటుంది కదండీ," అన్నారాయన.

బండికి గాలెందుకని అడగాలని నాకు తోచలేదు. కాఫీ అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బ్రేకు వదిలారు. బండి గట్టు మీంచి హాయిగా జారింది, సగం దారిలో ఘుర్రుమని లేచింది. ఊరంతా ఒక చుట్టు తిప్పారు. "చూశారా, బంగారం," అన్నారు. చూశాను. బంగారంలాగే ఉంది. దాన్ని గీటురాయి మీద గియ్యలేదంతే.

మర్నాడు పొద్దున చదునుగా ఉన్న మా వాకిట్లో తాళం తిప్పాను. కిర్ర్‌మంది. మళ్లీ తిప్పాను. మళ్లీ కిర్ర్‌మంది. పిండిమరలో రాయి పడ్డట్టు శబ్దమే తప్ప ఇంజనులో చలనం లేదు. నిడదవోలుకు ఫోన్ చేస్తే బావగారు ఆదివారం వచ్చారు. కండువా భుజం మీదికి సర్దుకుని, ఎక్కి కూర్చుని, ఒక్కసారి తిప్పారు. బండి బుద్ధిమంతుడిలా మాట విని లేచింది. ఆయన దిగి, తాళం నా చేతిలో పెట్టి, ఎంతో దయగా ఒక మాట అన్నారు.

"బండికేం లేదు బావగారూ. మీ చెయ్యే కుదరట్లేదు."

ఆ మాట మా ఇంట్లో అప్పటి నుంచి చట్టమైంది. ఏది చెడినా ముందు నా చెయ్యి విచారణకు వచ్చేది. పప్పు మాడినా మా ఆవిడ నా చేతి వైపే చూసేది.

ధవళేశ్వరంలో మా మేస్త్రి షెడ్డు. మనిషి మాటకారి. పని కంటే వర్ణన ఎక్కువ. ఆయన కింద దూరి, పైకొచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "ఇంజను పక్కన పెద్ద చక్రం ఉంటదండి. దాని చుట్టూ పళ్లుంటాయి. సెల్ఫు మోటారు ఆ పళ్లని పట్టుకుని తిప్పితేనే ఇంజను లేస్తది. మీ బండికి పళ్లు అరిగిపోయాయండి. అక్కడక్కడా ఉన్నాయి. చక్రం ఆగినప్పుడు పన్నున్న చోటు ఎదురొస్తే లేస్తది, బోసి చోటొస్తే లేవదు. అంతా అదృష్టం."

"బావగారు తిప్పితే లేచిందే?"

"ఆయన జాతకం మంచిదై ఉంటదండి."

కట్టుడు పళ్లు పెట్టించాలంటే గేరుబాక్సు దించాలట. దించినప్పుడు క్లచ్ ప్లేటు కూడా చూడాలట. చూసినప్పుడు మార్చకుండా ఉండలేమట. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే మోకాళ్లు కూడా మార్చుకోమన్నట్టు ఉంది వరస. లెక్క అయిదారు వేలు చెప్పాడు. అప్పుడు నా దగ్గర అంత లేదు. "వాలు చూసి ఆపుకోండి, తొయ్యక్కర్లేదు," అని సలహా మాత్రం ఉచితంగా ఇచ్చాడు.

ఇక్కడే నా అసలు కష్టం మొదలైంది. మా సీమలో వాలేది? పళ్లెంలో పోసిన పాయసంలా ఊళ్లకు ఊళ్లే చదును. ఎత్తంటే కాలవ గట్లు, వంతెనలకు ఎక్కే దారులు, అంతే. కడియం నుంచి నిడదవోలు దాకా ఏ గట్టు ఎంత వాలుగా ఉంటుందో, ఏ వంతెన దిగేచోట ఎదురుగా గేదెలు రావో కాలవల ఆఫీసువాళ్ల కంటే నాకే బాగా తెలుసు. ఇంటి ముందు గట్టున్నవాళ్లకే మొక్కలు అమ్మాను. చదును నేల మీద మేడ కట్టుకున్న ఒకాయన వంద కొబ్బరి మొక్కలు కావాలంటే, మీ నేలకి కొబ్బరి నప్పదండీ అని చెప్పి వచ్చేశాను. నాతో పనున్నవాళ్లు ఇంటికి రావడం మానేసి గట్ల మీద వెతికేవాళ్లు.

గట్టు దొరకని రోజున తోయడమే. దీన్ని పికప్పని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. తోసినందుకు పిక్కలు పట్టేవి, బాగుచేయిస్తే అప్పు పుట్టేది. రెండూ పేరులోనే ఉన్నాయి, నేనే సరిగా చదువుకోలేదు.

పళ్ల సంగతి అలా ఉండగా మిగతా అవయవాలు వంతులవారీగా మొరాయించాయి. ఆనకట్ట మీద నిండా క్రోటన్లతో వెళ్తుండగా క్లచ్ జారడం మొదలైంది. ఇంజను పరుగెత్తుతోంది, బండి మాత్రం ఆలోచిస్తోంది. వెనక లారీలవాళ్లు హారన్లతో మా పూర్వీకుల్ని తలుచుకున్నారు. ఎలాగో ధవళేశ్వరం చేరేసరికి క్రోటన్లు వాడి, నేను మాడి, ఇద్దరం ఒకే రంగులో ఉన్నాం. క్లచ్ ప్లేటుకు కూలితో కలిపి రెండు వేల పైచిలుకు. "గేరుబాక్సు దించాం కదా, ఇప్పుడు పళ్లు కూడా వేసేద్దాం," అన్నాడు మేస్త్రి. జేబు తడుముకుని, పళ్లు వద్దన్నాను. ఆర్నెల్లకు నల్లపొగ పట్టుకుంది. ఇంజను బోరు చేయించాలన్నాడు. అప్పటికే బోరు కొట్టి ఉన్నాను కాబట్టి సరేనన్నాను. అప్పు చేసి పన్నెండు వేలు. పళ్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ జేబు ఖాళీ. ఆ తర్వాత రేడియేటరు, వెనక కమాను పట్టీ ఒకటి, బ్రేకుల్లో నూనె కారడం. మేస్త్రి ఆ ఏడాది షెడ్డుకు కొత్త రేకులు వేయించాడు. వాటిలో నాలుగైనా నావే అనుకుని, వాన పడితే వాటి కిందే నిలబడేవాణ్ని.

వానంటే గుర్తొచ్చింది. బావగారు ఈ బండిలో కొబ్బరికాయలు తప్ప ఏమీ వేయలేదన్నారు. మొదటి వానకే బండి తన గతం తానే చెప్పింది. తడిసిన వెనక భాగంలోంచి చేపల వాసన గుప్పుమంది. ఊళ్లో పిల్లులన్నీ బండి కింద సభ పెట్టాయి. మేస్త్రి అడుగు రేకు గీకి చూసి, "కాకినాడ రేవులో చేపలు మోసిందండి ఇది. ఉప్పునీళ్లకి, ఐసుకి అడుగంతా తినేసింది," అన్నాడు. అంటే బావగారు కూడా ఎవరి మొహమో చూసే కొన్నారన్నమాట. ఆ సంగతి తెలిశాక ఆయన మీద కోపం సగం తగ్గి, దగ్గరితనం పెరిగింది. మల్లె మొక్కలు దింపుకుంటూ ఒకావిడ, "ఇదేం జాతి మల్లెండీ, వాసన కొత్తగా ఉంది," అంది. సముద్రపు మల్లె అని చెప్పాను. ఇంకో పది కావాలంది.

ఇంత తిట్టినా ఆ బండిని అమ్మలేకపోయాను. ఒక తుఫాను వానలో రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు నిలిస్తే, కొత్త బండ్లన్నీ ఆగిపోయి తలలు వాల్చాయి. మాది మాత్రం లోపలికొచ్చిన నీళ్లని అడుగు చిల్లుల్లోంచి వదిలేస్తూ, తడిసిన ముసలమ్మలా గొణుక్కుంటూ ఇల్లు చేరింది. మా ఆవిడ ఆ రోజు దానికి పసుపు కుంకుమ పెట్టింది. "చూశారా, అన్నయ్య మంచి బండే ఇచ్చాడు," అంది.

అదే నాకు గుచ్చుకునేది. డబ్బు పోతే పోయింది. నా మాట మీద మా ఇంట్లో ఎవరికీ నమ్మకం లేకుండా పోయింది. బండిది తప్పంటే, అన్నగారిది తప్పన్నట్టు. కాబట్టి తప్పు నా చేతిదే. బావగారు వచ్చినప్పుడల్లా సరదాగా ఒకసారి తాళం తిప్పడం, పన్నున్న చోటు సరిగ్గా ఆయన కోసమే ఎదురుచూస్తున్నట్టు బండి లేవడం, ఆయన నా చెయ్యి పట్టుకుని జాలిగా చూడటం. ఒక్కసారి ఆయన నోటితో "ఈ బండి మంచిది కాదు" అనిపిస్తే చాలు, ఇంకేమీ వద్దనుకునేవాణ్ని.

ఇలా ఉండగా బావగారి అమ్మాయికి పెళ్లయి, మొదటి సారె పంపే రోజు వచ్చింది. వియ్యాలవారిది ధవళేశ్వరమే. బావగారు ఫోన్ చేశారు. "మన బండి ఉండగా కిరాయి బండెందుకు బావగారూ?" అమ్మాక కూడా అది మన బండే. కిరాయి బండి మాత్రం ఎప్పుడూ పరాయిదే.

పొద్దున్నే నిడదవోలు వెళ్లాను. వెనక లడ్డూల బుట్టలు, కాజాలు, పూతరేకులు, అరటి గెలలు. మిగతా ఆడవాళ్లు ముందే బస్సులో వెళ్లిపోయారు. ముందు సీట్లో నేను, మధ్యలో పసుపు కుంకుమల పళ్లెం ఒళ్లో పెట్టుకుని మా ఆవిడ, అటు పట్టుపంచె కట్టుకున్న బావగారు. వర్జ్యం వచ్చేలోపు సారె వియ్యాలవారి గడప దాటాలి. దారిలో మా ఆవిడ నా వైపు వంగి, "వాళ్ల ముందు బండి ఆగిందో, అన్నయ్య పరువు పోతుంది," అంది.

"వాళ్ల ముందు ఆగదు," అని మాటిచ్చాను. మాట నిలబెట్టుకున్నాను. వాళ్ల వీధి మలుపుకు ఇవతల, వాళ్లకు కనపడనిచోట ఆపాను. ముందు ఒక గడ్డిబండి అడ్డం వచ్చింది. ఆగక తప్పలేదు. తాళం తిప్పి ఇంజను ఆపేయడం మాత్రం నేను కావాలనుకుంటే తప్పేదే. అక్కడి నేల ఎంత చదునో నాకు బాగా తెలుసు.

గడ్డిబండి వెళ్లిపోయింది. తిప్పాను. కిర్ర్‌.

"లేవండి బావగారూ, నేను చూస్తాను," అన్నారాయన. దిగి చోటిచ్చాను. ఆయన కూర్చుని కండువా సర్దుకున్నారు. ఇప్పుడు కూడా పన్నున్న చోటే ఎదురొస్తే ఇక ఈ జన్మలో నా చేతికి విముక్తి లేదు. ఆయన తిప్పారు.

కిర్ర్‌.

మళ్లీ తిప్పారు. కండువా తీసి పక్కన పెట్టి మళ్లీ తిప్పారు. పక్కన టీ బడ్డీ దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్లు తాగడం ఆపి చూస్తున్నారు. కిర్ర్‌.

"తొయ్యాలండి," అన్నాను.

"మీరు తొయ్యండి, నేను స్టీరింగు పడతాను."

"క్లచ్చి వదిలే సమయం నాకే తెలుసండి. అటూ ఇటూ అయితే లడ్డూలు రోడ్డు మీదుంటాయి."

ఆయన మా ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఒళ్లో పళ్లెం చూపించింది. వర్జ్యం వచ్చేస్తోంది. బావగారు పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి వెనక్కి వెళ్లారు. టీ బడ్డీవాళ్లు ఇద్దరు సాయం వచ్చారు. మొదటిసారి క్లచ్ వదిలాను, బండి ఎగిరిపడి ఆగింది. రెండోసారి కాస్త తొందరపడి వదిలాను. ఆ తొందర నాదే, ఒప్పుకుంటాను. మూడోసారికి ఘుర్రుమని లేచి, బావగారి మొహం మీదికి నల్లటి పొగ ఒక్క ఊపు ఊది, నిలబడింది.

ఆయన రొప్పుతూ కిటికీ దగ్గరికి వచ్చారు. పంచెకు మసి, నుదుటి బొట్టు చెమటతో ముక్కు దాకా. పిక్కలు రెండు చేతులతో పట్టుకుని వంగి నిలబడ్డారు.

"ఇదేం బండి బావగారూ," అన్నారు. "ఇది మంచి బండి కాదు. దీన్ని ఎట్టా నెట్టుకొస్తన్నారండీ?"

మా ఆవిడ విన్నది. పళ్లెంలో కుంకుమ భరిణె సర్దుతున్నట్టు తల వంచుకుంది గానీ, భుజాలు కదులుతున్నాయి. నేను పక్కనున్న కండువా తీసి ఆయనకు అందించి, ఎంతో దయగా చెప్పాను.

"బండికేం లేదండి బావగారూ. మీ చెయ్యే కుదర్లేదు."