వ్యాన్ తాతయ్య మెడ

బడి పిల్లలు ఆయన్ను వ్యాన్ తాతయ్య అంటారు. ఇన్నేళ్ల సర్వీసులో బండికి ఒక్క గీత పడనివ్వలేదని ఆయనకు కొండంత గర్వం. ఉండనీ, తప్పు లేదు. కానీ కొన్నాళ్లుగా ఆయన మెడ బిగుసుకుపోయింది, ఏ వైపుకూ తిరగదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఈ సంగతి ఇంట్లో పొక్కనివ్వలేదు. తెలిస్తే తాళం లాగేసుకుంటారని భయం.

ఇన్నాళ్లూ ఆయన్ను కాచుకొచ్చింది డాష్‌బోర్డులోని పాటల సెట్. బండితో వచ్చింది కాదు, విడిగా కొని బిగించుకున్నది. రివర్స్ గేరు వేస్తే పాట ఆగి, వెనక కెమెరాలో పడ్డదంతా దాని తెర మీద కనిపిస్తుంది. ఇక మెడతో పనేముంది! అలాంటి సెట్‌కి ఈమధ్య ఏదో మాయరోగం పట్టుకుంది. గేరు వేసిన చాలాసేపటికి గానీ బొమ్మ రావడం లేదు. నిన్నయితే అది వచ్చేసరికి బండి గేటుకు వెంట్రుకవాసిలో ఉంది. ఆయన గుండె ఆగినంత పనైంది.

అందుకే పొద్దున పిల్లల్ని దించి నేరుగా స్టీరియో మెకానిక్ దగ్గరికి వచ్చాడు.

"లోపలి సాఫ్ట్‌వేర్ పాతదైపోయింది తాతగారూ, కొత్తది ఎక్కిస్తున్నా" అంటూ మెకానిక్ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. "తెర మీద పాకుతున్న ఈ గీత ఆ చివరికి చేరేదాకా ఇంజన్ నడుస్తూనే ఉండాలి. తాళం జోలికి పోకండి. మధ్యలో కరెంటు ఆగిందంటే సెట్ పని అంతే."

తాతయ్య సీట్లో బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. గీత నత్తనడక నడుస్తోంది. సెట్ పోతే సాయంత్రం బడి దగ్గరి ఇరుకు సందులోంచి బండి తీయడం ఎలా? ఏ బుడ్డోడో బంతి కోసం వెనక్కి పరిగెత్తుకొస్తే? ముచ్చెమటలు పోశాయి.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కూతురు. ఎవరైనా డ్రైవరు సెలవు పెడితే ఆమె కూడా అదే బడికి వ్యాన్ నడుపుతుంది. తండ్రికి ఫోన్ చేస్తే ఆమె మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"నాన్నా, బండి ఆపావా?"

"ఆపకుండా ఏనాడైనా మాట్లాడానటే?" అన్నాడు దర్జాగా.

నిజమే, ఆపేశాడు. ఒక చెయ్యి ఫోన్ ఎత్తుతుంటే రెండోది తాళం తిప్పేసింది. ఏళ్ల తరబడి అలవాటు మరి! తెర నల్లబడింది.

"కొంప ముంచారు తాతగారూ!" మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది నాన్నా?" అంది ఫోన్లో కూతురు.

అబద్ధం ఆడదామంటే నోరు తడారిపోయింది. "స్టీరియో మెకానిక్ దగ్గరున్నా. సెట్ పోయిందే. అది లేకపోతే బండి వెనక్కి తీయలేను. నా మెడ తిరగదు" అనేశాడు.

"అక్కడే ఉండు, వస్తున్నా" అని పెట్టేసింది.

మెకానిక్ సెట్ ఊడదీశాడు, వైర్లు పీకాడు, కలిపాడు, సన్నని పిన్నుతో ఏదో నొక్కాడు. తాతయ్య తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. ఎట్టకేలకు తెర మినుకుమంది. గీత మళ్లీ మొదటి నుంచి బయల్దేరింది. ఈసారి మెకానిక్ తాళానికి తన చెయ్యే అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఎవర్ని నమ్మాలి చెప్పండి!

"అయిపోయింది. రివర్స్ వేసి చూడండి."

వేశాడు. బొమ్మ ఠక్కున వచ్చింది. అందులో కూతురు ఉంది. అప్పుడే వచ్చినట్టుంది, రివర్స్ లైటు చూసి గోడకు అతుక్కుపోయి, బెదురుగా గుండె అదిమిపట్టుకుని నిలబడింది. బండి ఇంకా కదలనే లేదు. చిన్నప్పుడు ఇదే పిల్ల, బండి వెనక నిలబడి "రా నాన్నా, రా, రా" అని కేరింతలు కొడుతూ చేతులూపేది.

"చూశారా, ఎంత స్పష్టంగా కనిపిస్తోందో!" అన్నాడు మెకానిక్.

"కనిపిస్తోంది" అన్నాడు తాతయ్య.

తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. ఈసారి తెలిసే ఆపాడు. కిందికి దిగి, మనిషి మొత్తం కూతురి వైపు తిరిగి, తాళం చేతికిచ్చాడు.

"సాయంత్రం పిల్లల్ని నువ్వు దించు తల్లీ."