బతికున్న ఎమ్మెల్యేకు శోకం పెట్టిన రోజు

ఆ రోజుల్లో ఎమ్మెల్యే మన ఊరికి ఏం చేశాడో తెలియాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాల్సిందే. ఇప్పుడంటే పొద్దున మొహం కడగకముందే ఫోన్లోకి వచ్చేస్తుంది. ఫలానా ఊళ్లో కొబ్బరికాయ కొట్టాడు, ఫలానా చోట చెక్కులు పంచాడు, ఫలానా వాళ్ల పెళ్లిలో అక్షింతలు వేశాడు అని ఫొటోలతో సహా. నాకు చదువు సంతకం దాకానే వచ్చు గానీ ఫొటో చూస్తే సంగతి తెలిసిపోతుంది (చేతిలో కత్తెర ఉంటే ప్రారంభం, గడ్డపార ఉంటే శంకుస్థాపన, తల వంచుకుని ఉంటే పరామర్శ). అప్పుడలా కాదు. పనులు చేసినాయన ఊళ్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంటే, ఆయన చేసిన పనులన్నీ ఆయనకే మనం వినిపించాలి. అదొక మర్యాద. ఆ మర్యాద చేయబోయి నేను చేసిన ఘనకార్యం మా ఊళ్లో ముసలీముతకా ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు చెప్పేది నిజమే గానీ, వాళ్లకు తెలియంది కొంత ఉంది.

నా పుట్టిల్లు జగిత్యాల దిక్కు, మెట్టినిల్లు కోరుట్ల దగ్గర పల్లె, మా ఆయన పని సిరిసిల్లలో సాంచాల మీద. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. ఆయన వారానికోసారి బస్సెక్కి ఇంటికొచ్చేవాడు, నేను మా అత్తతో కలిసి అరుగు మీద బీడీలు చుట్టేదాన్ని. నా గొంతు పుట్టుకతోనే బొంగురు, పచ్చికట్టె మీద రంపం లాగినట్టుంటుంది. బతుకమ్మ పాటలో నన్ను ముందు నిలబెట్టేవాళ్లు కాదు, వెనక చప్పట్లు కొట్టడానికే పనికొస్తావనేవాళ్లు. కానీ ఎక్కడైనా మనిషి పోయాడంటే మొదటి కబురు నాకే వచ్చేది. శోకం పెడితే నా గొంతు వాడ దాటి వినిపించేది మరి. మా వైపు శోకమంటే ఊరికే ఏడవడం కాదు. పోయినాయన బతికుండగా ఏమేం చేశాడో వరసగా చెప్పాలి. బావి తవ్వించాడని, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడని, ఎడ్లను కొడుకుల్లా చూసుకున్నాడని. మధ్యలో ఫిర్యాదులు కూడా కలపొచ్చు, జ్వరంతో పడుంటే కోడలు గంజి పోయలేదని కోడలు వింటుండగానే అనొచ్చు. శోకం పెట్టే ఆడదాన్ని ఎవరూ ఆపకూడదు. ఏమన్నా పడి ఊరుకోవాల్సిందే.

అవి అన్నల కాలం, నక్సలైట్లను మేం అన్నలనే అనేవాళ్లం. రోడ్డు మీద పోలీసు జీపు పోతే జనం అరుగుల మీంచి లేచి లోపలికి పోయేవాళ్లు, అడవి దిక్కు నుంచి ఎవరైనా కొత్త మనిషి వచ్చినా అదే పని చేసేవాళ్లు. ఎటు చూసి నవ్వితే ఎవరికి కోపం వస్తుందో తెలిసేది కాదు. అలాంటి రోజుల్లో నేను మా ఆయన్ను ఒక కోరిక కోరాను. సిరిసిల్లలో లంగా గుడ్డ బాగుంటుంది, నాకు ఎర్రది తీసుకురమ్మన్నాను. ఆ మాట వాడలో పడింది. నాకూ ఎర్రదే, నాకూ ఎర్రదే అని ఆడవాళ్లందరూ చెప్పిపంపారు. పాపం ఆయన ఎవరి మాటా కాదనలేక పెద్ద మూటే కట్టుకుని బస్సెక్కాడు. దారిలో పోలీసులు బస్సు ఆపి మూట విప్పారు. లోపలంతా ఎరుపు. ఇంత ఎర్ర గుడ్డ ఎందుకని అడిగితే లంగాలకని చెప్పాడట. ఒక్క ఇంటికి ఇన్ని లంగాలా, జెండాలు ఎవరికి కుట్టిస్తున్నావో చెప్పు అని మనిషినీ మూటనూ కలిపి ఠాణాకు తీసుకుపోయారు. ఇప్పుడు చెప్తే మీకు నవ్వొస్తుంది. అప్పుడు మాకు అన్నం సహించలేదు. ఆ రోజుల్లో ఠాణాకు పోయిన మనిషి ఏ స్థితిలో తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో చెప్పగలిగినవాడు లేడు. మా అత్తా నేనూ అన్నం మూట కట్టుకుని పోతే ఎస్సై గేటు దగ్గరే వెనక్కి తిప్పాడు.

మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. నోట్లోంచి చుట్ట తీయడు కాబట్టి చుట్టపటేలు అనేవాళ్లం. ఆయన దగ్గరికి పోయి అత్త, నేను కాళ్లావేళ్లా పడ్డాం. సరిగ్గా అప్పుడే ఆయనకూ ఒక చిక్కు వచ్చి పడింది. ఎమ్మెల్యే బోరింగు ప్రారంభానికి వస్తున్నాడు. (ఆ బోరింగు నీళ్లు మేం అప్పటికే తాగుతున్నాం. అయినా కొబ్బరికాయ కొట్టందే అది బోరింగు కాదు.) వచ్చినాయనకు ఆయన పనులు వినిపించాలి. పటేలు మైకు పట్టుకుని పొగిడితే ఆ మాట అడవి దాకా పోతుంది. పొగడకపోతే జీపు దాకా పోతుంది. చుట్ట రెండు పక్కలకూ తిప్పి తిప్పి ఆలోచించి ఆయన మమ్మల్ని చూశాడు. ఆడవాళ్ల పాటకు లెక్క అడిగేవాడు ఎవడుంటాడు అని ఆయన తెలివి.

“నువ్వు బతుకమ్మ లెక్క పాట కట్టి సారు చేసిన పనులు చెప్పు, బిడ్డా. నీ గొంతుకు మైకు గూడ అక్కర్లేదు. సారు మనసు మెత్తగైనంక నీ మొగని ముచ్చట నేను చెవులేస్త.”

నాకు పాట రాదని చెప్పబోతే అత్త నా చేయి గిల్లింది. ఇంటికొచ్చి బీడీలు చుట్టుకుంటూనే పాట కట్టాం. బోరింగు, వాగు మీద మోరీ (చిన్న వంతెన), బడికి పైకప్పు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి వచ్చే బస్సు. పనులు తక్కువైనట్టు అనిపించి అత్త వానలు కూడా కలిపింది, ఆయన గెలిచాకే బాగా పడ్డాయని. రాగం అత్త నేర్పింది. నేను అంటుంటే అరుగు కింద పడుకున్న కుక్క లేచిపోయింది. అయినా అత్త ధైర్యం చెప్పింది, సారు కుక్క కాదు కదా, మర్యాదకైనా కూర్చుంటాడని.

ఆ రోజు రానే వచ్చింది. ముందు పోలీసులు వచ్చి మోరీ కింద దూరి చూశారు, బోరింగు హ్యాండిల్ ఎత్తి చూశారు, షామియానా గుంజలు ఊపి చూశారు. తర్వాత ఎమ్మెల్యే సారు దిగాడు. సన్నటి మనిషి, నిద్ర లేని కళ్లు. ఆయన్నూ చంపుతామని కబుర్లు వస్తున్నాయని అందరికీ తెలుసు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు ఆ చప్పుడుకే ఆయన భుజం అదరడం నేను చూశాను. మెడలో బంతిపూల దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. డప్పుల వాళ్లు స్వాగతం దరువు వేశారు. పటేలు చుట్టతోనే సైగ చేశాడు. నేను ముందు, వాడ ఆడవాళ్లంతా నా చుట్టూ, చప్పట్లు కొడుతూ మొదలుపెట్టాం.

మొదటి చరణం బాగానే నడిచింది. సారు తల కూడా ఊపాడు. రెండో చరణంలో నేను తలెత్తి చూస్తే కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు ఎస్సై, మా ఆయన్ను బస్సులోంచి దింపినాయన. ఆయన్ను చూడగానే నాకు ఠాణా గేటు గుర్తొచ్చింది, అత్త తిరిగి తెచ్చిన అన్నం మూట గుర్తొచ్చింది. గొంతు నిండిపోయింది. నిండిన గొంతుకు తెలిసిన దారి ఒక్కటే. బతుకమ్మ రాగం ఎక్కడ జారిందో నాకు తెలియదు, చప్పట్లు కొట్టే చేయి గుండెల మీదికి వచ్చింది, కాళ్లు మడతపడి సారు ముందు నేల మీద కూలబడ్డాను.

“బోరింగు ఏపిస్తివి నాయినా... వాగు మీద మోరి కట్టిస్తివి నాయినా... బడికి కప్పేపిస్తివి, ఊరికి బస్సు తెస్తివి... ఇగ మాకెవరు దిక్కు నాయినా...”

మా ఆడవాళ్ల సంగతి చెప్పాలి. ఒకరు శోకం ఎత్తుకుంటే ఎవరు పోయారని అడగరు, ముందు ఏడుస్తారు, తర్వాత అడుగుతారు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని గొల్లుమన్నారు. మా పక్కింటామె వారం కిందట పోయిన బర్రెను తలచుకుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది. డప్పుల వాళ్లది అంతకంటే అలవాటు చేయి. నా గొంతు వినపడిందంటే ఏ దరువు వేయాలో వాళ్ల చేతులకే తెలుసు. స్వాగతం దరువు చావు దరువైపోయింది. పొలం నుంచి అప్పుడే వస్తున్న ముసలాయన ఒకాయన చెప్పులు దూరంగా విడిచి, తలకు చుట్టిన తువ్వాల తీసి, ఎప్పుడు పోయాడని మెల్లగా అడుగుతూ ముందుకొచ్చి చూస్తే, పోయినాయన బంతిపూల దండతో కుర్చీలో కూర్చుని ఈయన్నే చూస్తున్నాడు.

సారు కుర్చీలోంచి లేచాడు, మొహంలో నెత్తురు లేదు. పటేలు నోట్లోంచి చుట్ట జారి పడింది (ఊరు ఊరంతా ఆయన పెదవులు పూర్తిగా చూసింది ఆ రోజే). ఎస్సై ముందుకు దూకాడు.

“ఏందిది? సారును బెదిరిస్తున్నరా? ఎవలు నేర్పిండ్రు మీకు?”

తుపాకులు భుజాల మీంచి కిందికి దిగాయి. నా ఏడుపు ఆగిపోయింది. మొగుణ్ణి విడిపించుకుందామని వచ్చి నేనే పోతున్నాననుకున్నాను, నాతో పాటు వాడంతా. అప్పుడు మా అత్త తుపాకులను పక్కకు తోసుకుంటూ (నిజంగానే, దారికి అడ్డమొచ్చిన కొమ్మలను తోసినట్టు) సారు దగ్గరికి పోయి, ఆయన చెంపల మీద రెండు చేతులూ వేసి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది.

“భయపడకు కొడుకా. నెత్తి మీద కాకి తంతే మేము సుట్టాలకు సావు కబురు పంపి ఏడిపిస్తం. బతికున్నోని కోసం గిట్ల ఏడిస్తే వాని మీదున్న గండం గా కన్నీళ్లల్ల కొట్టుకపోతది. నీకున్న పీడ గియ్యాల మా కోడలు తీసేసింది.”

సారు అత్తను చూశాడు, నన్ను చూశాడు. నిద్ర లేని మనిషికి ఆ మాట ఎంత చల్లగా తగిలిందో మొహం మీదే కనిపించింది. ఎస్సైని చేత్తోనే ఆగమన్నాడు. మళ్లీ కుర్చీలో కూర్చుని, దండ సర్దుకుని, చిన్నపిల్లాడిలా అడిగాడు.

“మరి సగంల ఆపింది గదమ్మా. పీడ సగమే పోతదా?”

సగమే పోతుందని అత్త తడుముకోకుండా చెప్పింది. అయితే పూర్తిగా ఏడవమను అన్నాడు సారు. డప్పుల వాళ్లకు కూడా కానివ్వమని సైగ చేశాడు.

ఇక నాకు అడ్డేముంది. కొంగు నడుముకు దోపుకుని మళ్లీ ఎత్తుకున్నాను. సారు పనులన్నీ చెప్పాను, వానలు కూడా వదల్లేదు. ఆ తర్వాత ఫిర్యాదులకు వచ్చాను. ఇంత చేసిన మారాజువు, నీ ఏలుబడిలో ఆడది ఎర్ర లంగా కట్టుకునే రాత లేకపాయె నాయినా అన్నాను. సిరిసిల్ల సాంచాల మీద పని చేసే మనిషి పెళ్లాం అడిగిందని గుడ్డ తెస్తుంటే దొంగను పట్టుకున్నట్టు పట్టుకుపోతిరి నాయినా అన్నాను. మీసాలున్న సారుకు లంగా గుడ్డకూ జెండా గుడ్డకూ తేడా తెలియకపాయె, ఇంట్లో పెళ్లాన్ని అడిగినా చెప్పకపోవునా అన్నాను. ఎస్సై అక్కడే నిలబడి అంతా వింటున్నాడు. చేయి ఒకసారి మీసం దాకా పోయి మళ్లీ కిందికి దిగింది. శోకం నడుస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు, అందులోనూ ఎమ్మెల్యే పీడ పోతుంటే.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వెనక నుంచి పక్కింటామె కళ్లు తుడుచుకుంటూ తన లంగా గుడ్డ కూడా ఆ మూటలోనే ఉందని చెప్పింది. తనదీ ఉందని ఇంకొకామె అంది. మా వాడ ఆడవాళ్లంతా, పోలీసులని లేదు, పెద్దమనుషులని లేదు, ఎవరి లంగా ఎన్ని గజాలో చెప్పుకుంటూ వచ్చారు. సారు మొహం దండలో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను గానీ భుజాలు వేరేగా ఊగుతున్నాయి. తలెత్తాక ఎస్సై వైపు తిరిగాడు.

“గా లంగల మూటను, గామె మొగన్ని పొద్దుగూకకముందు ఇంటికి పంపుండ్రి. మళ్ల ఎవరన్న అడిగితే నేను చెప్పిన అనుండ్రి.”

సాయంత్రం బస్సులో మా ఆయన దిగాడు. మనిషి నలిగిపోయాడు, మూట మాత్రం నలగలేదు. ఆయన మంచినీళ్లు తాగేలోపే వాడ ఆడవాళ్లు వచ్చి ఎవరి గుడ్డ వాళ్లు పట్టుకుపోయారు. కాకి సంగతి నిజమేనా అని అత్తను అడిగితే, కాకి దాకా నిజమే, అక్కణ్ణుంచి నోటికొచ్చింది చెప్పానని పొయ్యి ఊదుకుంటూ చెప్పింది. మా ఆయన మంచం మీద కూర్చుని జరిగిందంతా విన్నాడు. ఠాణాలో ఏం చూశాడో, ఏం పడ్డాడో ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

“ఎమ్మెల్యేకు గండం తీసినవ్. నాకు గూడ ఒక్కసారి ఏడువరాదు. ఏమన్న మిగిలుంటే పోతది.”

ఎగతాళి అనుకున్నాను, మొహం చూస్తే కాదు. మంచం మీద తిన్నగా పడుకుని, తువ్వాల గుండెల దాకా కప్పుకుని కళ్లు మూసుకున్నాడు. నేను కింద కూర్చుని, చేయి గుండెల మీద పెట్టుకుని గొంతు సవరించుకున్నాను. ఓ నా రాజా అన్నానో లేదో ఆయన కాలి మీద దోమ వాలింది. పోయినాయన ఒక కాలితో ఇంకో కాలు గోక్కున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆయన ఒక కన్ను తెరిచి, ఊరికి ఊరంతటికీ ఏడుస్తావు, నా దగ్గరికి వచ్చేసరికి నవ్వుతావేమిటే అని కసిరాడు. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నవ్వకుండా ఉండాలని ఆయనే పళ్లు బిగబట్టుకుని, చివరికి ఆయనే పగలబడ్డాడు. మంచం కిర్రుకిర్రుమంటుంటే లోపలి నుంచి అత్త దీపాలు పెట్టే వేళ ఈ గోలేమిటని ఇద్దర్నీ కలిపి తిట్టింది.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికాడు. పోయిన రోజు నేను పద్ధతిగానే శోకం పెట్టాను. ఏ పనీ వదలకుండా చెప్పావని ఆడవాళ్లు అన్నారు కూడా. దాంట్లో ఏమేం చెప్పానో నాకిప్పుడు ఒక్క మాటా గుర్తు లేదు. చచ్చినట్టు పడుకున్న బతికున్న మొగుడి ముందు కూర్చుని, ఒక్క కన్నీటి బొట్టు కోసం తంటాలు పడుతూ, నోట్లో కొంగు కుక్కుకుని ఊగిపోతున్న ఆ పిల్ల మాత్రం గుర్తుంది. ఇప్పుడు ఎదురుపడితే నేను ఆమెకు ఏమీ చెప్పను. అత్త లోపలి నుంచి తిట్టకుండా చూస్తాను, ఇంకాసేపు నవ్వుకుంటుందని.