ఎదుర్కోళ్ళకు నేను రాసిన జావాస్క్రిప్ట్

మా అక్క పెళ్లి ఆగిపోవడానికి అంగుళం దూరంలోకి వచ్చింది. అడ్డం పడింది వానా కాదు, కరెంటూ కాదు. నేను. నేనూ, నేను రాసిన పన్నెండు వరుసల ప్రోగ్రామూ. మీరు నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు. మా బాపు మాత్రం ఇప్పటికీ నవ్వడు.

అప్పుడు నేను కరీంనగర్‌లో జావాస్క్రిప్ట్ కోర్సు చేస్తున్నాను. మూడో వారం నడుస్తోంది. మూడో వారంలో మనిషికి ఎంత చదువు వస్తుందో దానికి పదింతలు పొగరు వస్తుంది. ఆ వారమే మాకు లిజనర్ల గురించి చెప్పారు. ఒక ఆబ్జెక్టులో ఉండే వివరాన్ని ప్రాపర్టీ అంటారు. అదెప్పుడు మారుతుందా అని చెవులు రిక్కించి కూర్చుని, మారగానే మనం చెప్పిన పని చేసిపెట్టేదే లిజనర్. మా వాడకట్టులో ఇదే పని జీతం లేకుండా చేసే పెద్దమ్మ ఒకామె ఉంది కాబట్టి పాఠం నాకు వెంటనే అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను.

పెళ్లి చొప్పదండి దగ్గర మా ఊళ్ళో. పెళ్లికొడుకు వాళ్ళది హుస్నాబాద్. చిక్కంతా ఎదుర్కోళ్ళ దగ్గర వచ్చింది. పెళ్లికొడుకు వాళ్ళ బస్సు ఊరి పొలిమేరలో ఆగితే, మేం డప్పులతో ఎదురెళ్ళి, బుక్కాగులాల్ చల్లుకుని, శర్బత్ పోసి తీసుకురావాలి. అందులో ఎవరు ముందు రావాలి?

"మనం ముందుగాల పోయి రోడ్డుమీద నిలవడుడేంది? వాళ్ళు బస్సు దిగినంక పది నిమిషాలకు పోదాం. మనకు ఇజ్జత్ లేదా?" అన్నాడు బాపు.

పెళ్లికొడుకు తండ్రి మల్లయ్య మామ ఫోన్లో దీనికి సరిగ్గా తలకిందులుగా మాట్లాడాడు. "మీరచ్చి పది నిమిషాలు నిలవడ్డంకనే మేం బస్సు దిగుతం. పిల్లగాని తరఫోళ్ళం, మేం మీకోసం చూసుకుంట కూసుంటమా?"

ఇలాంటప్పుడు తెలివైనవాడు నోరు మూసుకుని పందిట్లో కుర్చీలు వేస్తాడు. నేను లాప్‌టాప్ తెరిచాను.

"మామా, ఫికర్ చెయ్యకుండ్రి. మీ మాటే నడుస్తది" అని ఆయనకు చెప్పాను. "బాపూ, నీ మాటే నడుస్తది" అని ఈయనకూ చెప్పాను. ఆ తర్వాత 'పెళ్లి' అని ఒక ఆబ్జెక్టు తయారుచేశాను. అందులో రెండు ప్రాపర్టీలు: వాళ్ళు బస్సు దిగే టైమ్, మేం ఎదురెళ్ళే టైమ్. వాళ్ళ టైమ్ మారగానే మా టైమ్‌ను దానికన్నా పది నిమిషాలు ఆలస్యంగా పెట్టే లిజనర్ ఒకటి రాశాను. మా టైమ్ మారగానే వాళ్ళ టైమ్‌ను దానికన్నా పది నిమిషాలు ఆలస్యంగా పెట్టే లిజనర్ ఇంకొకటి. ఏది మారినా రెండు వైపుల చుట్టాలందరి ఫోన్లకూ మెసేజ్ పోతుంది.

మీకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. పరీక్షించి చూడలేదా అని అడగకండి, చూశాను. మొదటిది ఆపి రెండోది, రెండోది ఆపి మొదటిది. రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి.

శుక్రవారం పొద్దున పెళ్లి. ముహూర్తం పది నలభైకి. తొమ్మిదిన్నర కావస్తుండగా మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, చాయ్ కోసమని చొప్పదండిల ఆగి ఇప్పుడే కదిలినం. ఐదు నిమిషాలు లేటైతది."

"అయితే కానియ్యుండ్రి మామా" అంటూ వాళ్ళు దిగే టైమ్ తొమ్మిదిన్నరను తొమ్మిదీ ముప్పై అయిదు చేసి, అందరూ చూసేట్టు ఎంటర్ నొక్కాను.

టింగ్ మంది. మళ్ళీ టింగ్. ఇక సెకనుకొకటి. పందిట్లో ప్రతి జేబూ, ప్రతి కొంగుముడీ మోగడం మొదలుపెట్టాయి. బాపు కళ్ళద్దాలు వెతికి పెట్టుకునేసరికి ఫోన్లో ఎదుర్కోళ్ళు సాయంత్రం ఏడూ ముప్పై అయిదుకు వెళ్ళిపోయాయి.

"ఏందిరా ఇది? పొద్దుగూకినంక దిగుతరట!" అని బాపు మామకు ఫోన్ కొట్టాడు. "ఏం బావా, పరాష్కమా?"

"పరాష్కం మీది!" ఫోన్ చెవి దగ్గర లేకపోయినా మామ గొంతు పందిరంతా వినిపించింది. "రేపు ఎదురస్తమని మెసేజ్ పెడ్తరా? మీ పొలిమేర కాడికచ్చినం. బస్సు మర్లెయ్యమంట చూడు!"

"మర్లేసుకపో! భయపడేటోడెవ్వడు?"

నాకు మాత్రం నిజంగా భయమేసింది. ఈ సంబంధం అక్క కోరుకున్నది. ఏడాదిపాటు బతిమాలి బాపును ఒప్పించుకుంది. ఆ బస్సు వెనక్కి తిరిగితే నేనిక అక్క ముఖం చూడలేను. లాప్‌టాప్ మూసేయాలని కూడా తోచలేదు. ఆ రెండు లిజనర్లనూ ఆపడానికి మూడో లిజనర్ రాస్తూ కూర్చున్నాను.

బాసింగంతో, పసుపు చీరతో అక్క వచ్చి నా పక్కన నిలబడింది. "ఏం జేసినవ్‌రా?"

చెప్పాను.

"అంటే వాళ్ళు మనకన్నా పది నిమిషాలు ఎనుక. మనం వాళ్ళకన్నా పది నిమిషాలు ఎనుక."

"అవ్ అక్కా."

"ఇగ కలిసేదెప్పుడురా?"

నేను మళ్ళీ కీబోర్డు మీద వేళ్ళు పెట్టాను. అక్క నా ఫోన్ గుంజుకుని పెళ్లికొడుకుకే చేసింది. "బస్సు దిగుండ్రి. ఎవ్వలు రాకుంటే నేనే ఎదురస్తున్న." అని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిజంగానే బయటికి నడిచింది.

పెళ్లికూతురే ఎదుర్కోళ్ళకు పోవడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. "అయ్యో బిడ్డా, ఆగు!" అంటూ బాపు చెప్పులు వదిలేసి పరుగెత్తి దాన్ని దాటేశాడు. వెనక డప్పులు, గులాల్ పళ్ళాలు, నేను. అవతల "పిల్లే అస్తున్నదట!" అన్న మాట వినగానే మామ బస్సులోంచి దూకినట్టు దిగి, కండువా జారిపోతున్నా చూసుకోకుండా ఉరికాడు. వియ్యంకులిద్దరూ రోడ్డు మధ్యలో ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరో గులాల్ చల్లేశారు. అక్కను ఆడవాళ్ళు వెనక్కి తీసుకుపోయారు.

"నేనే ముందుగాల వచ్చిన బావా" అన్నాడు బాపు రొప్పుతూ.

"యాడికెళ్ళి? నువ్వు మూల మలిగేసరికే నేను రోడ్డుమీద ఉన్న!"

"కాదు, నేనే!"

"అల్లుడా, నీ కంప్యూటర్ల ఏమున్నదో చెప్పు. ఎవలు ముందుగాల వచ్చిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే మామ జేబులో టింగ్ మంది. ఇంట్లో లాప్‌టాప్ ఇంకా శ్రద్ధగా పనిచేస్తూనే ఉంది. ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని బయటికి చదివాడు. "ఎదుర్కోళ్ళు, వచ్చే బేస్తవారం, పొద్దుగాల తొమ్మిదీ ముప్పై అయిదు."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"బావా," అన్నాడు మామ, "గీని లెక్కల మనమిద్దరం ఇంక రానే రాలే."

ముహూర్తం తప్పలేదు. పెళ్లికొడుకు తాళి కట్టాక, నేను ఎర్రటి గులాల్ ముఖంతోనే శర్బత్ బిందె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ప్రోగ్రాములు రాస్తాను, లిజనర్లూ పెడతాను, కానీ ఈ జన్మలో ఇద్దరు వియ్యంకులను మాత్రం ఒకే ఆబ్జెక్టులో పెట్టను.